ఇంజన్ చవకే, తక్కినవే ఖరీదు

అమెరికాలో నార్త్ కెరొలైనాలోని క్యారీలో మనవాళ్ల గరాజుల్లో మామూలుగా ఉండేవి బియ్యం బస్తాలు, పిల్లల సైకిళ్లు. ఎక్కడో ఒకదాంట్లో పాత హోండా సివిక్ బానెట్ ఎత్తి ఉంటుంది. వారమంతా కోడ్ రాసి శనివారం గ్రీజు పూసుకునే ఆ బాపతు మనుషులంటే నాకు గౌరవం.

2000 నాటి మామూలు సివిక్‌ది 1.6 లీటర్ల ఇంజన్, 106 హార్స్‌పవర్. దాని స్థానంలో వాళ్లు దించేది 2003 అకార్డ్‌లోని 2.4 లీటర్ల కె24 ఇంజన్; దానిది 160. తుక్కు యార్డులో అది చవగ్గానే దొరుకుతుంది. చిక్కంతా ఆ తరవాతే. పాత ఇంజన్‌కి ఇది ఎదురు దిక్కున తిరుగుతుంది; పాత గేర్‌బాక్స్ పనికిరాదు. మౌంట్లు, యాక్సిళ్లు, వైరింగ్ అన్నీ మారాలి. డబ్బు మిగిలేది పనుల వరస తెలిసినవాడికే: కొనేముందే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూసుకుంటాడు, ఇంజన్ బయట ఉండగానే వెనక ఆయిల్ సీలు మార్చేస్తాడు. లోపలికి దించాక ఆ చిన్న సీలు కోసం గేర్‌బాక్స్ మళ్లీ విప్పాల్సిందే.

ఇంజన్‌కి గేర్‌బాక్స్ కలిపేటప్పుడు చూడాలి. షాఫ్ట్ పళ్లు క్లచ్ ప్లేటు పళ్లలోకి దూరాలి. తెలియనివాడు బోల్టులు బిగించి లాగుతాడు, కేసింగ్ పగులుతుంది. తెలిసినవాడు క్రాంకు కొద్దిగా తిప్పి, గేర్‌బాక్స్‌ని కాస్త ఊపుతాడు; టక్కున కూర్చుంటుంది. బెజవాడ ఆటోనగర్ మేస్త్రీలు చేసేదీ ఇదే, యూట్యూబ్ లేకుండా.

ఇలా ఇంజన్ మార్చేటప్పుడు చట్టమూ చూసుకోవాలి: అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో ఇంజన్ కారు సంవత్సరానిదో, తరవాతిదో అయ్యుండాలి. దాని క్యాటలిటిక్ కన్వర్టర్, సెన్సర్లు దానితోపాటే రావాలి. అవి పీకేసి చప్పుడు పెంచేవాళ్లని నేనీ మెచ్చుకోలులో కలపను.