బందిపోట్లు గుర్రాలెక్కి రారు

సావిత్రి ‘బందిపోట్లు’ 1984 నాటి కవిత. చాలా చిన్నది. రాజమహేంద్రవరంలో కూర్చుని చదివితే దానికి మరో లోతు కనిపిస్తుంది. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. పసితనంలోనే బొట్టు చెరిగిన పిల్లకు ఆనాడు పెళ్లే విముక్తి. నూరేళ్లు దాటాక, సావిత్రి కవితలో అదే పెళ్లి శిక్ష.

ఎంత తక్కువ సరుకుతో కట్టిందీ కవితని! మొదటి పాదాల్లో కవయిత్రి తెచ్చిపెట్టిన ఉపమానం ఒక్కటీ లేదు. పాఠం రాకపోతే పెళ్లి చేసేస్తానని బెదిరించే పంతులు, సెలవివ్వని పై అధికారిని మొగుడంటూ విసుక్కునే అన్నయ్య, మగవాడికేం లోటని మురిసే చుట్టుపక్కలవాళ్లు. వీళ్లలో దుర్మార్గుడెవరు? ఒక్కరూ కారు. అన్నీ అలవాటుగా నోటికొచ్చిన మాటలే. అందుకే చదువుతుంటే వణుకు పుడుతుంది.

వింటున్న పిల్ల ముందు బెదురుతుంది, తర్వాత శంకిస్తుంది, ఆపైన గ్రహిస్తుంది. భయం ముదిరి తెలివిడి అవుతుంది, తెలివిడి కోపమవుతుంది. ఆ కోపం గొంతు విప్పేసరికి ఒక్క పిల్ల కాస్తా ఆడవాళ్లందరూ అవుతుంది. తెల్లదొరల ఏలుబడి గురించి బళ్లో చదువుకున్న ఆ విభజించి పాలించడమే ఇంటి గడప దాటి లోపలికొస్తుంది. అదీ పాలిచ్చి పెంచిన తల్లుల మీదికే! ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

విమల ‘వంటిల్లు’ దారి వేరు. అక్కడ ముందు కమ్మని వాసనలు, చిన్ననాటి అబ్బురం. మెల్లగా ఆ గది మనిషిని మింగేస్తుంది. జయప్రభ ‘చూపులు’లో వీధి వీధంతా కళ్లై గుచ్చుతుంది. రెండూ గొప్ప కవితలే. వాటిలో పీడన ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు. సావిత్రి పట్టుకున్నది గాలిలాంటిది, వట్టి మాట.

ఇంతా చేసి ఈ కవితలో పెళ్లి జరగదు, ఫలానా మొగుడని ఎవరూ కనిపించరు. శీర్షికలోని బందిపోట్లు గుర్రాలెక్కి రారు; బడిలోంచి, ఇంట్లోంచి, ఇరుగుపొరుగులోంచి వస్తారు. మగమహారాజును పొగిడే గొంతుల్లో ఆడగొంతులూ ఉన్నాయని కవయిత్రి దాచలేదు. ఆ నిజాయితీయే నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టం.