పంచాంగంలో రెండు సగాలు

ఉగాదికి ముందు తార్నాక చౌరస్తాలో పంచాంగం కొనడం నాకు అలవాటు. పుస్తకాలమ్మే ఆయనకు నేను యూనివర్సిటీలో ఫిజిక్స్ చెబుతానని తెలుసు. ఏటా ఒకటే ప్రశ్న: “గ్రహణం టైము నిమిషం తప్పదు గద సార్. గదే పుస్తకంల రాశిఫలం మాత్రం ఎట్ల తప్పుతది?”

ఇన్నేళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఈసారి చాయ్ చల్లారేదాకా నిలబడి మాట్లాడాను.

గ్రహణం లెక్క తప్పితే ఊరందరికీ తెలిసిపోతుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడ్డానికి ఉస్మానియా వారి జాపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు కాచుకుని కూర్చుంటే, నగరంలో జనం తలుపులు బిగించుకున్నారు. నీడ చెప్పిన వేళకే వచ్చింది. పాత గ్రంథాల గణితం ఆకాశంతో సరిపోనప్పుడు మన సిద్ధాంతుల్లో కొందరు కంటికి కనిపించేదే ప్రమాణమని దృక్సిద్ధాంతానికి మారారు. కొందరు పాత లెక్కనే పట్టుకున్నారు. పండగ ఒక పంచాంగంలో ఇవాళ, ఇంకోదాంట్లో రేపు రావడం వెనక ఈ తగాదా కూడా ఉంది. నన్నడిగితే ఆ గణితం సగం సైన్సే. ఈ మాటకు మా వాళ్లలో కొందరికి కోపమొస్తుంది, రానీ.

రెండో సగం వేరు. ఆదాయం 8, వ్యయం 14. ఏం జరిగితే ఇది తప్పినట్టు? అప్పులపాలైతే ఫలితం నిజమైంది, డబ్బు మిగిలితే గురుబలం కాపాడింది. ఏం కనిపిస్తే ఓడినట్టో ముందే చెప్పాలన్నది 1934లో తత్వవేత్త కార్ల్ పాపర్ సైన్సుకు పెట్టిన గీటురాయి. ఐన్‌స్టీన్ సిద్ధాంతం అలాగే చెప్పింది: సూర్యుడి అంచున నక్షత్రకాంతి 1.75 ఆర్క్ సెకన్లు వంగాలి. న్యూటన్ లెక్కతో వచ్చేది అందులో సగమే. 1919 మే 29 గ్రహణంలో ఆ వంపు తేలకపోయి ఉంటే తప్పించుకునే దారి లేదు.

కానీ గీటురాయి ఒక్కటే చాలదు. జ్యోతిషాన్నీ పరీక్షకు పెట్టవచ్చు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం పెట్టింది కూడా. చదువులో చురుకైన పిల్లలవి 100 జాతకాలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి 100 సేకరించి, ఒక్కో జ్యోతిష్కుడికి 40 చొప్పున ఇచ్చి ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. సగటున సరిపోయినవి 46 శాతం. బొమ్మా బొరుసా వేసినా సగం వచ్చేవి. ఆ తరవాత ఏ పంచాంగంలోనూ ఒక్క సూత్రం మారినట్టు నాకు కనిపించలేదు. ఓడాక ఏం చేస్తారో చూసి తేల్చుకోవడం నాకు అప్పటినుంచే అలవాటైంది.

పక్కనే హబ్సిగూడలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ, 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు తలపెట్టినప్పుడు హైకోర్టుకు వెళ్లి ఓడారు. 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడారు. ఆ పోరాటం మీద నాకు గౌరవముంది. అయితే తీర్పు ఎటొచ్చినా జ్యోతిషం సైన్సయ్యేదీ లేదు, కాకుండా పోయేదీ లేదు.

ఇంత చెప్పి, ఇంకొకటి దాచుకోలేకపోయాను. ఎమ్మెస్సీ ల్యాబులో నా గ్రాఫు మీద ఒక చుక్క గీతకు దూరంగా పడింది. రబ్బరుతో తుడిచేశాను. మార్కులు బాగానే వచ్చాయి.

“అంటే మీదీ గంతేనా సార్!” అని పుస్తకాలాయన పడీపడీ నవ్వాడు.

ఆ ల్యాబ్ రికార్డు ఇంకా ఇంట్లోనే ఉంది. చుక్క చెరిపిన చోట కాగితం కాస్త పలచబడింది.