చల్లారు రాత్రి

సంధ్యాదీపము పెట్టిన పిమ్మట పెద్దలందరును వంటయింటి పనులలో మునిగియుండు ఆ అరగంటలో, మా పెంకుటింటి వసారాలో నేనును మా అక్కయ్యయు పగిలిన మట్టిగాజుల ముక్కలు దాచుకొన్న బిస్కట్ల డబ్బాను ముందు పెట్టుకొని కూర్చుండి, కిరసనాయిలు బుడ్డి వత్తిని రవ్వంత పెంచి, ఒక్కొక్క ముక్కను రెండు కొసలయందును పట్టుకొని మంటమీద నిలిపెడివారము. మొదట అది మసిబారెడిది. అంతట నడిమి భాగము తన పట్టు విడిచి, పాకమునకు వచ్చిన బెల్లము వలె, వ్రేళ్ళు ఎటు నడిపిన అటు వంగెడిది. కొసలు రెండును కలిసిన చోట ఒక కన్ను. ఆ కంటిలో దూర్చి వంచిన రెండవ ముక్క రెండవ కన్ను. అట్లు వారము తిరుగునప్పటికి గుమ్మమునకు కట్టదగిన గొలుసొకటి సిద్ధమయ్యెడిది. అయితే ఆ గొలుసులో, ఎవరును తాకక, గాలియైనను వీవకయున్న వేళ, ఏదో ఒక కన్ను టప్పున విడిపోయి ముక్కలు నేల రాలెడివి. "నువ్వే ముట్టుకున్నావు" అనెడిది అక్కయ్య. నేను ముట్టుకొనలేదు. ఆ మాట ఆమెచేత నమ్మించుటకు నాకు యాభై సంవత్సరములు పట్టినది. నమ్మించిన విధమే ఈ వారపు ముచ్చట.

ఇప్పుడు మా ఇంటి వెనుక వరండాలో ఒక విద్యుత్ కొలిమి ఉన్నది. కొలిమి యని వ్రాయుచున్నానే గాని, కమ్మరి తిత్తితో ఊదెడి కొలిమియు కాదది, కుమ్మరి కుండలు పేర్చి కాల్చెడి ఆవమును కాదు. ఇంటిలోనివారు దానిని బట్టీ యందురు, ఆ పేరే దానికి నిలిచినది. రెండడుగుల పొడవును అంతే వెడల్పును గల ఇనుపపెట్టె. లోపల చేతికి బెండువలె తేలికగా తోచు ఉష్ణనిరోధకపు ఇటుకలు. మూత అడుగున ఇనుము, క్రోమియము, అల్యూమినియము కలిసిన లోహపు తీగ చుట్టలు చుట్టలుగా నున్నది. కుండలకు ప్రక్కల నుండి వేడి తగిలిన చాలును. గాజు పళ్ళెము వలె పరచుకొని యుండును గనుక దానికి వేడి పైనుండి సమముగా దిగవలెను. ప్రక్కగోడలోనుండి లోనికి చొచ్చుకొనివచ్చిన థర్మోకపుల్ లోపలి వేడిని కొలిచి కంట్రోలరునకు చెప్పుచుండును. గంటకు ఎన్ని డిగ్రీలు ఎక్కవలెనో, ఎక్కడ ఎంతసేపు ఆగవలెనో, ఎట్లు దిగవలెనో నేను ముందుగా వ్రాసిపెట్టిన లెక్క ప్రకారము ఆ యంత్రము తీగను వెలిగించుచు ఆర్పుచు నుండును. ఇది మూడు కిలోవాట్ల విద్యుత్తు లాగు వస్తువు. దీనికొరకు మీటరు దగ్గర నుండి ప్రత్యేకముగా వైరు లాగించి, వేరుగా ఎంసీబీ పెట్టించితిని. ఫ్రిజ్జు ప్లగ్గులో దీనిని పెట్టవచ్చునని ఎవరైనను చెప్పినచో విననేకూడదు.

గాజుపని యనగానే నోటితో గొట్టము ఊదు శిల్పియే మన కన్నులకు కట్టును గాని, ఆ ఊదుడు గొట్టము క్రీస్తునకు పూర్వము ఒకటవ శతాబ్దిలో సిరియా, పాలస్తీనా తీరములలో పుట్టినది. దానికి ముందే, మధ్యధరా ప్రాంతమున పనివారు రంగురంగుల గాజు పలకలను బట్టీలో కరగించి ఒకటిగా చేర్చి, అచ్చుమీద జార్చి గిన్నెలు చేయుచునే యుండిరి. నేను వరండాలో చేయుచున్నది ఆ పాతపద్ధతియే.

గాజునకు వేడితోడి చుట్టరికము మెట్లు మెట్లుగా నడచును. మంచుగడ్డ వలె ఒక్కచోట హఠాత్తుగా కరగి నీరగు వస్తువు కాదది. 620 డిగ్రీలు దాటి 680 లోపల తన బరువునకు తానే లొంగి క్రిందనున్న మట్టి అచ్చులోనికి మెల్లగా జారును. 740 ప్రాంతమున దాని అంచులు గుండ్రబడి, ఒకదానిపై నొకటి పెట్టిన ముక్కలు తమ తమ రూపములు పోగొట్టుకొనకయే అంటుకొనును. 810 వద్ద అన్నియు కలిసిపోయి ఒకే పలకయగును. బట్టీకున్న కన్నుగుడ్డంతటి చిన్నరంధ్రములోనుండి, నల్ల కళ్ళద్దములు పెట్టుకొని చూచినచో, నారింజ వర్ణపు వెలుగులో కోసిన ముక్క మూలలు వాడి తగ్గి, నీటిబొట్టు అంచు వలె ఉబ్బుచుండుట కనబడును. ఆ దశలో గాజు తన తలతన్యతచేత ఇంచుమించు 6 మిల్లీమీటర్ల మందమును కోరుకొనును. 3 మిల్లీమీటర్ల పలకను ఒంటిగా పెట్టి పూర్తిగా కరగించినచో అది లోపలికి ముడుచుకొనిపోయి అంచులు లావెక్కును. రెండు పలకలు పేర్చినచో గీచిన గీత దాటదు. ఈ ఒక్క సంగతి తెలియక నేను తొలియేట పాడుచేసిన పలకలకు లెక్కలేదు.

కోయుట నాకు మా పేటలోని అద్దాలకొట్టు వానివలన అబ్బినది. నా చేతిలోని కట్టరును చూచి, పలకను తన బల్లమీదికి లాగికొని, "ఒక్కసారే గీయాలమ్మా. చప్పుడు వినండి. సర్రుమని పట్టుచీర చించినట్టు వినపడితే గీత పడ్డట్టు. మళ్ళీ అదే గీతమీద నడిపారంటే కట్టరూ పోతుంది, గాజూ మాట వినదు" అని అతడు చెప్పినది, తరువాత నేను చదివిన పుస్తకములన్నింటికంటె ఎక్కువగా నాకు ఉపకరించినది. గాజును మనము కోయుట లేదు. పైన సన్నని గాయమొకటి చేసి, ఆ గాయము వెంట విరుగుమని దానిని కోరుచున్నాము. గీత గీచిన వెంటనే విరువవలెను. కట్టరు చక్రమునకు నూనెచుక్క, విరుచుటకు వెడల్పు మూతి పట్టుకారు, అంచు నునుపుచేయుటకు నీటితో తడిపిన వజ్రపుపొడి రాయి, కన్నులకు కళ్ళద్దములు. ఇంతకుమించి ఆరంభమున అవసరము లేదు.

బట్టీలో గాజు అరపలకకు అంటుకొనక యుండవలెనన్న నడుమ వేరొకటి పూయవలెను. అల్యూమినా హైడ్రేటును కయోలిన్ మట్టిని నీట కలిపి, మెత్తని కుంచెతో ఒక పూత నిలువుగను ఒక పూత అడ్డముగను నాలుగైదు పూతలు వేసి ఆరనిత్తును. ఆ పొడి ఊపిరిలోనికి పోరాదు గనుక మాస్కు తప్పదు. ఈ పని చేయునప్పుడెల్ల నాకు తిరుపతి సమీపముననున్న పాపానాయుడుపేట జ్ఞప్తికి వచ్చును. కరగిన గాజుముద్దనుండి పొడవైన బోలుగొట్టములు లాగి, వానిని చిన్నచిన్న తునకలుగా నరికి పూసలు చేయు విద్య అచ్చట మన కాలము వరకు నిలిచినది. ఇండో-పసిఫిక్ పూసలను లోకమునకు పరిచయము చేసిన పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఆ పద్ధతిని అచ్చటనే కన్నులార చూచి వ్రాసెను. నరికిన పూస అంచులు వాడిగా నుండును. వానిని బూడిదతో కలిపి మరల వేడిచేయుదురు. అంచులు గుండ్రబడును గాని, బూడిద అడ్డుండుటచేత పూసయు పూసయు అంటుకొనదు, రంధ్రము పూడదు. నా అల్యూమినా పూత చేయుచున్నది ఆ బూడిద చేసిన పనియే.

ఇక పొత్తు సంగతి. కిటికీ గాజు వేరు, సీసా గాజు వేరు, రంగుపలకల గాజు వేరు. కంటికి అన్నియు ఒకటే. ప్రతి గాజును ఒక్కొక్క డిగ్రీకి తనదైన పాలులో వ్యాకోచించును. నేను వాడు రంగుగాజు కోటి వంతులలో 90 వంతులు పెరుగునది. కిటికీ గాజు 85 ప్రాంతమున నుండునది. ఈ రెంటిని కరగించి చేర్చి చల్లార్చినచో, 30 సెంటీమీటర్ల పళ్ళెములో ఆ భేదము వెంట్రుకమందమునకు మించదు. కాని గట్టిపడిన గాజు ఆ వెంట్రుకను ఓర్వలేదు. తొలిదినములలో నేను కిటికీ గాజుమీద నీలిముక్కలు అతికి చేసిన గిన్నె మూడు వారములు అలమరలో నిండుగా నుండి, ఒక మధ్యాహ్నము ఇంట నెవరును లేని వేళ రెండుగా విడిపోయినది. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరమున 1974లో ఆరంభమైన బుల్స్‌ఐ కర్మాగారము, రంగుపలకలను ఒకదానితో నొకటి పొసగునట్లు పరీక్షించి అమ్ముచుండుట నావంటి గృహశిల్పులకు ఎంతటి ఉపకారమో, అట్టి గిన్నె నొకదానిని పోగొట్టుకొన్నవారికే తెలియును.

పొత్తు కుదిరినను పని ముగియలేదు. నిజమునకు అప్పుడే మొదలగుచున్నది. 810 డిగ్రీల వద్ద గాజు గడపునది పది నిమిషములు మాత్రమే. తరువాత 482 వద్ద దానిని నిలిపి, లోపలిభాగమును పైభాగమును ఒకే వేడికి వచ్చువరకు కాచి, అటనుండి మెల్లమెల్లగా దింపవలెను. దీనిని అనీలింగ్ అందురు. నేను చల్లార్పు అందును. పైపొర ముందు గట్టిపడి లోపలిపొర వెనుక ముడుచుకొన్నచో, ఆ ఈడ్పు గాజులోపల బందీయై, ఎన్నడో ఒకనాడు బయటపడును. 12 మిల్లీమీటర్ల పలకకు రెండుగంటలు నిలుపుట చాలును. 25 మిల్లీమీటర్లకు నాలుగు గంటలు నిలిపి, దింపు వేగమును నాలుగవ వంతునకు తగ్గింపవలెను. మందము పెరిగినకొలది ఓర్పు ఎట్లు పెరుగవలెనో చూడదలచువారికి పాలోమార్ దూరదర్శినిని మించిన నిదర్శనము లేదు. దాని 200 అంగుళముల అద్దపు దిమ్మెను కార్నింగ్ పనివారు 1934 డిసెంబరులో పోతపోసి, ఇంచుమించు పదినెలలు చల్లార్చిరి.

మా ఇంట అంత పెద్ద పళ్ళెము లేదు గాని, కరెంటు పోవుట ఉన్నది. నిరుటి వేసవిలో ఒక రాత్రి రెండుగంటల వేళ, బట్టీ సరిగా 482 వద్ద నిలిచియున్న సమయమున వీధి వీధంతయు చీకటియైనది. మూత ఎత్తకుండుట తప్ప చేయదగినది లేదు, ఎత్తలేదు. తెల్లవారిన పిమ్మట తీసి చూడగా పళ్ళెము మచ్చలేక, బీటలేక, నవనవలాడుచున్నది. అప్పుడు దానిని రెండు పోలరాయిడ్ రేకుల నడుమ నిలిపితిని. రేకులను ఒకదానికొకటి అడ్డముగా త్రిప్పినచో వెలుగు పూర్తిగా ఆగి నలుపు కనబడవలెను; నడుమనున్న గాజులో ఈడ్పు ఉన్నచో ఆ చోట మాత్రము వెలుగు చొచ్చుకొనివచ్చును. పళ్ళెము నాలుగు మూలలను తెల్లని పొగవంటి కాంతి. కంటికి నిండుగా నున్న వస్తువు లోపల ఎంత బాధపడుచున్నదో అంత స్పష్టముగా నేనెన్నడును చూచియుండలేదు. దానిని మరల బట్టీలో పెట్టి, గంటకు నూరు డిగ్రీలకు మించకుండ ఎక్కించి, మరల కాచి, మరల దింపితిని. రెండవనాడు రేకుల నడుమ అంతయు నలుపే. ఆ దోషము దిద్దరానిది కాకపోవుట నాకు ఈ విద్యలో అన్నిటికంటె ప్రియమైన సంగతి.

అమ్మ పోయిన నాలుగేండ్లకు ఆమె గాజుల పెట్టె నా చేతికి వచ్చినది. పచ్చని మట్టిగాజులు పాతిక, ఎఱ్ఱనివి ఎనిమిది. వెలుగునకెత్తి చూచినచో ప్రతి గాజునకును ఒకచోట సన్నని అతుకు. ఫిరోజాబాదులో తిరుగు కడ్డీమీద గాజుతీగను చుట్టగా చుట్టి, చుట్టను కోసి, తెగిన కొసలను ఇండ్లలో చిన్నదీపపు మంటమీద కలుపుదురు. ఆ పనిని వారు జుడాయి యందురు. మా వసారాలోని బుడ్డి వెలుగునకు అది తోబుట్టువే. విరిగిన గాజుముక్కలతో మొదట పరీక్షించితిని. పచ్చవి తమలో తాము పొసగినవి. ఎఱ్ఱముక్కను వానితో చేర్చగా దాని చుట్టును వెలుగు వలయము కనబడినది. ఎఱ్ఱవి పెట్టెలోనే యుంచితిని. పచ్చవానిని 810 వరకు పోనీయక, వలయములు వలయములుగానే మిగిలి, అతుకులు చెరిగిపోకయుండునంతటి వేడి వద్దనే ఆపవలెనని నిశ్చయించితిని. వాని చల్లార్పు డిగ్రీ నాకు తెలియదు గనుక, 550 నుండి 430 వరకు గంటకు ముప్పదేసి డిగ్రీలుగా దింపుటకు లెక్క వ్రాసితిని.

అక్కయ్య ఆ సాయంకాలము ఊరినుండి వచ్చినది. అరపలకమీద గాజులు పేర్చుచున్న నన్ను కొంతసేపు చూచి, ఏమనుకొన్నదో, పరీక్షలో మిగిలిన పచ్చముక్క నొకదానిని తీసికొని దేవునిగది నుండి కొవ్వొత్తి తెచ్చి వెలిగించినది. డెబ్బదికి చేరువైన ఆ వ్రేళ్ళు ఏమియు మరువలేదు. ముక్క మసిబారి, వంగి, కన్నయినది. ఆరిన పిదప దానిని మసి తుడిచి నేను పోలరాయిడ్ రేకుల నడుమ పెట్టి కిటికీ వైపు పట్టితిని. వంపు తిరిగిన చోట, నల్లని చీకటిలో, తెల్లని మెఱుపు నిలిచియున్నది.

"ఏమిటే అది?"

"ఊరికే చల్లారిపోయిన గాజులో ఈడ్పు అక్కయ్యా. ఇవాళో రేపో దానంతటదే చిట్లుతుంది."

ఆమె ఆ రేకులను తన చేతిలోనికి తీసికొని చాలసేపు చూచినది.

"అయితే ఆ రోజుల్లో నువ్వు ముట్టుకోలేదన్నమాట."

"లేదు."

రేకులు క్రిందపెట్టి, తాను వంచిన కంటిని తెచ్చి, అమ్మ గాజుల ప్రక్కన అరపలక అంచున ఆనించి, "దీన్ని కూడా పెట్టు" అన్నది. మూత దించి మీట వేసితిని; గడియారములో ఏడుగంటల పది నిమిషములు.