జబ్బుకి బారసాల

రెండేళ్ళ క్రితం, నిద్ర పట్టని రోజుల్లో, ఆన్‌లైన్లో ఒక ఫారం నింపాను. తొమ్మిది ప్రశ్నలు. చివర్లో ఒక స్కోరు, పక్కనే ఒక జబ్బు పేరు. ఆ పేరు చాలా నెలలు ఇంటిపేరులా నా వెంటే తిరిగింది. ఎడ్వర్డో డురాన్ రాసిన ‘హీలింగ్ ద సోల్ వూండ్’ (2006) చదువుతుంటే అదే గుర్తొచ్చింది. రోగనిర్ధారణ అంటే నామకరణం చెయ్యడమే అంటాడాయన. మన మాటల్లో బారసాల. కాకపోతే పేరు అంటుకునేది జబ్బుకి కాదు, మనిషికి.

డురాన్ సైకాలజిస్టు. అమెరికా మూలవాసుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశాడు. వాళ్ళతో పనిచెయ్యబోయే కౌన్సెలర్ల కోసం రాసిన పుస్తకం ఇది. కాలిఫోర్నియాలో కొత్తగా పనిలో చేరినప్పుడు, మీ కష్టమేమిటని జనాన్ని అడిగితే ఆత్మకి తగిలిన గాయం గురించి, పూర్వీకుల నుంచి వచ్చిన బాధ గురించి చెప్పారట. ఆ గాయానికి చరిత్ర ఉంది. భూములు పోయాయి. 1879లో మొదలైన కార్లైల్ లాంటి బోర్డింగ్ స్కూళ్ళలో పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఆ పిల్లల మనవలకి ఇవాళ కౌన్సెలర్ ఇంకో కొత్త పేరు పెడితే దాన్ని వైద్యం అనొచ్చా? ఈ పుస్తకం నన్ను పట్టుకున్నది ఈ ప్రశ్న దగ్గరే.

డురాన్ ఎదుటివాణ్ణి ‘నువ్వు తాగుబోతువి’ అనడు. మద్యానికీ ఒక ఆత్మ ఉంది, దానితో నీ సంబంధం ఎలాంటిదో చూద్దాం అంటాడు. నాలోని ఇంజనీరు మొదట నవ్వాడు. తర్వాత మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పిల్లాడికి అమ్మవారు పోస్తే, పిల్లాడే జబ్బని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. వచ్చినావిణ్ణి మర్యాదగా సాగనంపాలనుకుంది. వేపాకుతో పాటు డాక్టరూ కావాలి, కాదనను. కానీ మనిషినీ జబ్బునీ విడదీసి చూడటం ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

రెండు పేచీలున్నాయి. పుస్తకంలో సంభాషణలు నాకు మరీ సాఫీగా అనిపించాయి. ఎదుటి మనిషి విసుగొచ్చి లేచిపోయిన రోజుల గురించి ఇంకా చదవాలనిపించింది. రెండోది, ‘ఆత్మగాయం’ కూడా ఒక లేబుల్ అయిపోవచ్చు. ఫారాలు తయారుచేసే వృత్తి నాది. ఎంత మంచి మాటైనా డ్రాప్‌డౌన్‌లోకి ఎక్కాక ఎలా ఎండిపోతుందో రోజూ చూస్తుంటాను.

పుస్తకం మూశాక అలాస్కా గురించి చదివాను. రోడ్డు కూడా లేని అక్కడి పల్లెల్లో, ఊరివాళ్ళకే శిక్షణనిచ్చి ‘బిహేవియరల్ హెల్త్ ఎయిడ్’లుగా తయారుచేస్తారు. మెట్టు మెట్టుగా నాలుగు స్థాయిల సర్టిఫికెట్లున్నాయి. ఎవరు ఎవరి మనవలో వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే ఆ ఊరి గాయం వాళ్ళదీ కదా. సాయం కోసం వచ్చినవాడు సొంత పెదనాన్న కొడుకే అయితే? ముందు నీ గాయం నువ్వు చూసుకో అని డురాన్ కౌన్సెలర్లకి చెప్పే మాట బయటినుంచి వచ్చినవాళ్ళకన్నా వీళ్ళకే ఎక్కువ అవసరమేమో.

నా తొమ్మిది ప్రశ్నల్లో మీ తాతగారు ఎవరు అన్న ప్రశ్న లేదు.