రెండు ఛాయలు

మూత్రపిండముల నెత్తిన, ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల బరువుతో, కుడివైపున త్రికోణమువలెను ఎడమవైపున నెలవంకవలెను ఒదిగియుండు అధివృక్క గ్రంథులను ఎం.ఆర్.ఐ.లో చూచునపుడెల్ల, ఇంత చిన్న వస్తువు కొరకు ఇంత పెద్ద అయస్కాంతమా యని తొలినాళ్లలో నాకు కలిగిన విస్మయము నేటికిని తగ్గలేదు.

ఈ విద్య యొక్క సారమంతయు రెండు చిత్రములలో నున్నది. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకములును కొవ్వులోని కేంద్రకములును ఒకే వేగమున తిరుగవు, 1.5 టెస్లా యంత్రములో వాటి నడుమ సెకనుకు సుమారు 220 చుట్ల తేడా యుండును. అందుచేత దాదాపు 2.3 మిల్లీసెకన్లకు అవి ఎదురెదురై ఒకదాని సంకేతము నొకటి హరించును, 4.6 మిల్లీసెకన్లకు మరల జతగూడును. ఈ రెండు క్షణములను ఒకే ఊపిరి బిగింపులో పట్టినచో, కణముల లోపలనే కొవ్వును దాచుకొన్న అడినోమా యను నిరపాయమైన గడ్డ రెండవ చిత్రములో బూడిదరంగున నుండి, మొదటి చిత్రములో నల్లబడి కనిపించును. ఇతరావయవముల నుండి పాకిన క్యాన్సర్ సాధారణముగ నల్లబడదు. మూత్రపిండపు క్యాన్సర్లలో ఒక రకము మాత్రము తనతో కొవ్వును తెచ్చుకొని మనలను మోసగింపగలదు. నల్లబడినదా లేదా యని నిర్ణయించుటకు ప్రక్కనున్న కాలేయముతో పోల్చరాదు. కొవ్వు చేరిన కాలేయము తానే నల్లబడి పోలికను చెరచును. ప్లీహమే నమ్మదగిన సాక్షి.

మొన్న ఒక వృద్ధురాలు కడుపునొప్పికి సి.టి. తీయించుకొనగా, ఎడమ గ్రంథిలో 2 సెంటీమీటర్ల గడ్డ అనుకోకుండ బయటపడి, అదేమో తేలక మా యొద్దకు వచ్చెను. ఆమె ఊపిరి నిలుపలేకపోవుటచే తొలి చిత్రము చెరిగిన ముగ్గువలె వచ్చినది. మా టెక్నీషియన్ ఆమెను బల్లపైనుండి లేపి కూర్చుండబెట్టి, “గాలంతా వదిలేసి, నేను చేయి పట్టుకున్నంతసేపు ఆపండి మామ్మగారూ” యని ముమ్మారు అభ్యాసము చేయించెను. పిదప తీసిన చిత్రములో గడ్డ స్పష్టముగ నల్లబడినది. తలుపు వెలుపల నిలిచిన కుమారుడు “క్యాన్సరాండీ?” యని అడుగగా, కాదని చెప్పగలిగితిని.

అయినను ఆ గడ్డ హార్మోనులను అధికముగ స్రవించుచున్నదా యను సంగతి చిత్రము చెప్పదు. అది రక్తమూత్ర పరీక్షలతోనే తేలవలెను. ఆమె పాత ఫిల్ములు ఇంటిలో లభించియుండినచో, గడ్డ పెరుగుచున్నదో లేదో ఆనాడే చూచియుందుము. పాఠకులారా, మీ పాత స్కానింగు ఫిల్ములను పారవేయక, మరల పరీక్షకు వచ్చునపుడు వెంట తెండు.