ఆటలోకి రాజకీయాలు తెచ్చిందెవరు?

ఆటలోకి రాజకీయాలు తేరాదనే వాదన పైకి నిష్పాక్షికంగానే కనిపిస్తుంది. కాని అది ఎవరిని కాపాడుతున్నదో పరిశీలించాలి.

2013 మార్చి 31న ఇంగ్లండులోని సండర్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్బు ఇటలీకి చెందిన పావోలో డి కానియోను మేనేజరుగా నియమించింది. ఇతడు 2005లో లాట్సియో జట్టు ఆటగాడుగా మైదానంలో ఫాసిస్టు వందనం చేసినవాడు. తాను ఫాసిస్టునేగాని జాతివిద్వేషిని కానని చెప్పుకున్నవాడు. వెంటనే డైరెక్టరు డేవిడ్ మిలిబాండ్ రాజీనామా ఇచ్చాడు. డర్హాం గని కార్మిక సంఘం స్టేడియంలో ఉంచిన తమ పతాకాన్ని తిరిగి ఇవ్వమన్నది. అభిమానులు చీలిపోయారు.

మనిషి నమ్మకాలను బట్టి ఉద్యోగం తీయరాదన్నవారి మాట తేలికగా తోసివేయదగింది కాదు. ఆ కత్తికి ఎందరో వామపక్షీయులు బలైనారు. అయితే మనసులోని నమ్మకం వేరు, వేలాదిమంది ఎదుట ఎత్తిన చెయ్యి వేరు. రాజకీయాలను ఆటలోకి తెచ్చింది ఆ చెయ్యే. ప్రశ్నించిన అభిమాని కాదు.

పైగా ఆ స్టేడియం నిలిచింది 1993లో మూతపడిన మంక్‌వేర్‌మౌత్ బొగ్గుగని స్థలంలో. స్వేచ్ఛా కార్మిక సంఘాలను అణచివేసింది ముస్సోలినీ ప్రభుత్వం. ఆ కార్మికులకు ఇది గతించిన చరిత్ర ఎట్లా అవుతుంది?

ఏప్రిల్ 3న తాను ఫాసిస్టును కానని డి కానియో ప్రకటించాడు. 14న న్యూకాజిల్ మీద 3-0 గెలుపుతో స్టాండులు అతనికి జేజేలు పలికాయి. సెప్టెంబరు 22న ఉద్వాసన చెప్పేనాటికి కొత్త సీజనులో 5 లీగు ఆటలకు దక్కింది 1 పాయింటే. సిద్ధాంతాన్ని పాయింట్లతో తూచడం, అదీ ఒక రాజకీయమే.