సైనిక డ్రోన్లు: తయారీ ఎక్కడ, అధికారం ఎవరిది?

అమెరికాలో కార్ల పరిశ్రమను ఆశ్రయించి ఎదిగిన పట్టణాలలో మిషిగన్ రాష్ట్రపు నోవై ఒకటి. 2025 జులైలో తానా మహాసభలు జరిగింది ఇక్కడే. ఈ ఊరికి దక్షిణాన, ఇప్సిలాంటి దగ్గరి విల్లో రన్ కర్మాగారంలో ఫోర్డ్ సంస్థ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో 8,685 బి-24 బాంబర్లను నిర్మించింది. ఆ విమానం రూపకల్పన కన్సాలిడేటెడ్ సంస్థది. అయినా దాని నక్షాలు ఫోర్డ్ చేతికి వచ్చాయి. భారీ ఉత్పత్తికి అనువుగా ఆ సంస్థ ఇంజనీర్లు వాటిని తిరిగి గీసుకున్నారు. సైనిక డ్రోన్ల అభివృద్ధికి భారతదేశం ఏ మార్గాన్ని ఎంచుకోవాలన్న చర్చలో మరుగున పడుతున్న అంశం ఇదే: ఇతరుల రూపకల్పనను మార్చుకొనే అధికారం.

మన ముందున్నవి మూడు మార్గాలు. మొదటిది ప్రభుత్వ పరిశోధన. డీఆర్‌డీఓ వారి తపస్ 2016 నవంబరులో చిత్రదుర్గ వద్ద తొలిసారి ఎగిరింది. 30,000 అడుగుల ఎత్తు, 24 గంటల ప్రయాణం లక్ష్యం కాగా, అది 28,000 అడుగులు, 18 గంటల వరకు చేరింది. దాంతో ప్రాధాన్య పథకాల నుంచి తొలగించారు. రెండవది విదేశీ భాగస్వామ్యం. ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్‌తో కలిసి అదానీ సంస్థ 2018లో హైదరాబాదులో కర్మాగారం ప్రారంభించింది. హెర్మీస్ 900 ఆధారంగా అక్కడ తయారైన దృష్టి-10 2024 జనవరిలో నౌకాదళానికి అందింది. మూడవది నేరుగా కొనుగోలు. 2024 అక్టోబరులో 31 ఎంక్యూ-9బి డ్రోన్ల కోసం అమెరికాతో ఒప్పందం కుదిరింది.

మూడింటినీ ఏకకాలంలో నడపడంలో దోషం లేదు. కూర్పును రూపకల్పనగా లెక్కగట్టడమే దోషం. టర్కీ అనుభవం చూడండి. 2020 అక్టోబరులో, కరబాఖ్ యుద్ధ సమయంలో, బైరక్తార్ టీబీ2లో వాడే కెమెరాల ఎగుమతిని కెనడా నిలిపివేసింది. అసెల్సాన్ సంస్థ స్వదేశీ కెమెరా అప్పటికే సిద్ధమవుతోంది. విమానం రూపకల్పన బైకార్ చేతిలోనే ఉంది. కనుక కొత్త కెమెరాను అమర్చుకోగలిగారు. నక్షా పరాయిదైతే ఆ వెసులుబాటు ఉండదు.

విడిభాగాలలో దేశీయ శాతం ఎంత అని అడిగితే ఈ తేడా బయటపడదు. సరఫరా ఆగిన మరునాడు ఇంజన్‌నూ, కెమెరానూ, నియంత్రణ సాఫ్ట్‌వేర్‌నూ మార్చుకొనే హక్కు, నేర్పు మనకున్నాయా అని అడగాలి. ప్రతి కొనుగోలు ఒప్పందంలోనూ ఆ హక్కును రాబట్టాలి. తపస్ వంటి పథకాలను తొలి నమూనాతో తీర్పు చెప్పి ముగించక, రెండవ, మూడవ నమూనాలకు నిధులివ్వాలి. ఆ నేర్పు అక్కడే పుడుతుంది. లేకుంటే హైదరాబాదు ఇంజనీర్లు ఇతరుల నక్షాలకు నమ్మకమైన కూర్పరులుగానే మిగులుతారు. యుద్ధ సమయంలో మన సైన్యం మరొక దేశపు అనుమతి కోసం ఎదురుచూస్తుంది.